దొంగ పదును

సంఘం వసతిగృహం, పై గది
వానలు మొదలైన వారం

అక్కా,

దిగగానే ఉత్తరం రాయమన్నావు. దిగి చాలా రోజులైంది. ముందు తిట్టడం కానిచ్చి తర్వాత చదువు.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకని గదిలోవాళ్ళు నవ్వుతున్నారు. "ఫోన్లో ఊఁ కొట్టి తప్పించుకుంటానట, కాగితం మీదైతే దొరికిపోతానట. మా అక్క నమ్మకం" అని చెప్పాను.

గదిలో నాతో పాటు ఒక హోటల్ వంటాయన, ఒక తోటమాలి ఉన్నారు. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్ళు. మొదటిరోజు నేను పని హాల్లోకి అడుగుపెట్టగానే హాజరు తీసుకునే మనిషి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఎవరో తనిఖీకి వచ్చారనుకున్నాడట. "కూర్చోండి బాబూ, నేనూ నేర్చుకోవడానికే వచ్చాను" అన్నాను. అట్టపెట్టెల ఫ్యాక్టరీ మూతపడి ఈ వయసులో సాన పట్టేవాళ్ళ సంఘంలో ఓనమాలు దిద్దుతున్నానని ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. నా తెల్లజుట్టు చెప్పేసింది.

పని చేసే హాలు పొడుగ్గా ఉంటుంది. గోడవారగా నీళ్ళ తొట్లు, ప్రతి తొట్టి మీదా అడ్డంగా ఒక చెక్క, దాని మీద సానరాయి. నేలంతా తడి. మాకు నేర్పే పెద్దాయన్ని అందరూ చెవి మేష్టారంటారు. ఆయన మాకు వీపు పెట్టి కిటికీలోంచి చూస్తూ నిలబడతారు. రాయి మీద కత్తి నడిచే చప్పుడు విని ఎవరి తప్పేమిటో చెబుతారు. నిన్న నన్ను "ఏమయ్యా ఫ్యాక్టరీ! కత్తిని రాయి మీద నడిపించమన్నాను గానీ తొక్కమన్నానా?" అన్నారు. వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

నువ్విచ్చి పంపిన కూరల కత్తిని వెలుతురుకి ఎత్తి చూసి, "దీనికి సాన పట్టింది ఎడమచేతివాటం మనిషి" అన్నారు. గీతలు అవతలి వైపుకి వాలి ఉంటాయట. మా అక్క అని చెప్పాను. "ఓహో, ఆవిడా! భర్త పోయాక సాన దుకాణం నడుపుతోంది కదూ? సంఘం మొత్తానికి ఎడమచెయ్యి ఆవిడదొక్కటే. ఆవిడుండగా ఇక్కడికెందుకొచ్చావయ్యా?" అన్నారు. సొంతవాళ్ళు నేర్పిన పనికి సంఘం అర్హత ముద్ర ఇవ్వదు కదా అన్నాను. నీ చివాట్లకి భయపడి వచ్చానని చెప్పలేదు.

ఒక్కటి మాత్రం నాకు చేతకావడం లేదక్కా. ఒక వైపు పదును పెడితే అంచుకి రెండో వైపు సన్నటి ముల్లు లేస్తుందంటారే, అది అందరి వేళ్ళకీ తగులుతోంది, నా వేలికి తగలడం లేదు. ఎలాగో రాయి.

తమ్ముడు


దుకాణం
జోరు వాన, బేరాల్లేవు

ఒరే మొద్దూ,

తిట్టడం అయింది. ఇరుగుపొరుగు కూడా విన్నారు.

ముల్లు కోసం వేలిని అంచు పొడుగునా పోనివ్వకు, తెగుతుంది. కత్తి వెన్ను వైపు నుంచి అంచు దాటించి బయటికి జార్చు. నొక్కకు. నీకు పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేటప్పటికి అమ్మ లేదు. చిగురు మీద వేలు పెట్టి నేనే చూసేదాన్ని. అంత మెత్తగా చూడాలి. నువ్వప్పుడు నా వేలు కొరికేవాడివి. ఇదీ కొరుకుతుంది, జాగ్రత్త.

ముల్లు తగిలిందంటే కత్తి తిప్పి దాన్ని తీసెయ్యాలి. తీశాననుకుని వదిలేసినదాన్నే మీ బావ దొంగ పదును అనేవారు. అది కాగితాన్ని సర్రున కోస్తుంది. తీసుకెళ్ళినవాడు మురిసిపోతాడు. ఇంట్లో నాలుగు కాయలు కోసేసరికి ముల్లు మడతపడి, కత్తి జారి చేతి మీదకొస్తుంది. మొద్దు కత్తి అని తెలిస్తే మనిషి జాగ్రత్తగా ఉంటాడు. దీనితో ఉండడు. అందుకని పట్టిన ప్రతి కత్తినీ మెత్తటి చెక్క మీద ఒకసారి లాగి, మళ్ళీ వేలితో చూడు. దొంగదైతే అక్కడ బయటపడి తీరుతుంది.

నువ్వు లేక చదరంగానికి మనిషి దొరకడం లేదని ఎదురు సెలూన్ ఆయన నా బుర్ర తింటున్నాడు. దర్జీ ఆవిడ తన పెద్ద కత్తెర తెచ్చింది. ఎప్పటిలాగే, ఇస్తున్నంతసేపూ పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు ముఖం పెట్టింది.

నేను బాగానే ఉన్నాను. గాజు గ్లాసు ఒకటి జారి పగిలింది. ఈ వానలకి చేతులు కాస్త తిమ్మిరెక్కుతున్నాయి, అంతే. వేళకి తిను.

అక్క


సంఘం వసతిగృహం
ఎండ కాస్తోంది, బట్టలు ఆరుతున్నాయి

అక్కా,

తగిలింది! ముల్లు నా వేలికి తగిలింది. హాల్లో గట్టిగా అరిచాను. చెవి మేష్టారు వెనక్కి తిరిగి, "ఏం, తెగిందా?" అన్నారు. "లేదండీ, దొరికింది" అన్నాను. తోటమాలి నా వీపు మీద చరిచాడు. ఇప్పుడు ఏ కత్తి కనిపించినా వేలు దానంతటదే పోతోంది. భోజనాల గదిలో వెన్న రాసే కత్తిని కూడా వదల్లేదు.

ఇంకో కబురు. ఈసారి ముసుగు పరీక్షకి బల్ల దగ్గర నన్ను కూర్చోబెడుతున్నారు. నీకు తెలియనిదేముంది, ముద్ర ఉన్న సభ్యులంతా ఏడాదికొకసారి తాము పట్టిన కత్తి ఒకటి పంపాలి, కార్యదర్శి పేర్లు తీసేసి బల్ల మీద పెడతాడు. పెద్దాయన ఒకరు కాగితం కోసి చూస్తారు. చదువు ముగించబోయే విద్యార్థి ఒకడు దాన్ని చెక్క మీద లాగి, వేలితో చూసి, అసలు పదును ఉందో లేదో చెప్పాలి. కొత్తవాడికి మొహమాటాలుండవని ఆ పని విద్యార్థికే ఇస్తారట. వాడు లేదంటే ఎంత పెద్ద సభ్యుడైనా గోడ మీది ముద్ర పలక దించాల్సిందే.

"మా అక్క కత్తికి ముసుగేమిటండీ, గీతలే పేరు చెప్పేస్తాయి" అని చెవి మేష్టారితో అన్నాను. "బల్ల మీదకొచ్చేవి కత్తులయ్యా. అక్కలూ తమ్ముళ్ళూ రారు" అన్నారు. కాబట్టి విను. నీ కత్తి నా చేతికొస్తే నువ్వెవరో, నేనెవరో. చిన్నప్పుడు నన్ను తన్నినవన్నీ ఆ చెక్క మీద తీర్చుకుంటాను.

నవ్వావా? గ్లాసు ఇంకోటి పగలగొట్టావని సెలూన్ ఆయన తోటమాలికి తెలిసిన వాళ్ళతో అన్నాడట. ఏమిటి సంగతి?

తమ్ముడు


దుకాణం, తలుపు వేసుకుని
ఆదివారం

తమ్ముడూ,

ఎవరికీ చెప్పని మాట నీకు రాస్తున్నాను. సెలూన్ ఆయనకి కూడా తెలియదు, గ్లాసుల సంగతి తప్ప.

నా వేళ్ళకి స్పర్శ తగ్గింది. రెండు చేతులకీ. రవిక హుక్కు పెట్టుకోవడానికి అద్దం కావాల్సి వచ్చినప్పుడు మొదట అనుమానం వచ్చింది. తర్వాత రాయి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. తడి తెలిసింది, చల్లదనం తెలిసింది, గరుకు తెలియలేదు. డాక్టరు షుగర్ వల్ల అన్నాడు. నరాలు దెబ్బతిన్నాయట, మందు వేసుకుంటే ఇంకా పాడవకుండా ఉంటుందట గానీ పోయింది తిరిగి రాదట. ఆయనకేం, చెప్పి తర్వాతి మనిషిని పిలిచాడు.

ముల్లు నాకు తెలుస్తోందో, ఇన్నేళ్ళ అలవాటు వల్ల తెలుస్తోందనుకుంటున్నానో, నాకే తేలడం లేదురా. ఒక్కోరోజు బాగానే ఉందనిపిస్తుంది. ఒక్కోరోజు నా చేతులు పక్కింటివాళ్ళవేమో అనిపిస్తుంది. మీ బావ పోయిన ఏడాది నన్ను మనిషిలా నిలబెట్టింది ఈ రాయే. పొద్దున్నే దాని మీద నీళ్ళు పోసేదాన్ని కాబట్టి మంచం దిగేదాన్ని. అది పోతే ఏం చేస్తానో ఆలోచించలేకపోతున్నాను.

అందుకని ఒకటి నిశ్చయించుకున్నాను. ఈసారి పరీక్షకి పంపే కత్తిని మామూలుగా, రోజూ పట్టేట్టే పట్టాను. ఎవరికీ చూపించలేదు. బల్ల లేదంటే, లేదు. ఆ రోజే సాన చక్రం బెల్టు విప్పేసి పని మానేస్తాను, ఎవరి మీదా కోపం పెట్టుకోను. ఉందంటే, నా వేళ్ళు ఇంకా పనికొస్తున్నాయన్నమాట, అనుమానం పక్కన పెట్టి పని చేసుకుంటాను. నా వేళ్ళని నేను నమ్మలేను. నీ వేలు నమ్ముతాను, దానికి నేర్పింది నేనే కాబట్టి.

తన్నులు తీర్చుకుంటానన్నావుగా. తీర్చుకో. ఏం పరవాలేదు.

అక్క


సంఘం వసతిగృహం
పరీక్ష అయిన మర్నాడు

ప్రియమైన అక్కకి,

శుభవార్త! నీ కత్తి నెగ్గింది. ముద్ర నీదే. ముందు నోరు తీపి చేసుకో, కాదు కాదు, నీకు షుగర్ కదా, చేసుకోకు.

నిన్న హాలు చూడాలి నువ్వు. తొట్లన్నీ పక్కకి జరిపి మధ్యలో పొడుగాటి బల్ల వేశారు, దాని మీద తెల్లగుడ్డ. కార్యదర్శి కొత్త చొక్కా వేసుకొచ్చాడు, చీటీ తియ్యడం మర్చిపోయి రోజంతా వీపున ధర వేలాడేసుకుని తిరిగాడు. ఎవరూ చెప్పలేదు. వంటాయన అందరికీ టీ తెస్తూ తడి నేల మీద జారి, పళ్ళెం మాత్రం పైకెత్తి పట్టుకుని కూర్చుండిపోయాడు. ఒక్క చుక్క ఒలకలేదు. చప్పట్లు కొట్టాం. ఒకాయన పంపిన కత్తికి పిడి ఊడి బల్ల కిందకి దొర్లితే అందరం వంగి వెతికాం. నీ కత్తితో కాగితం కోస్తే చెవి మేష్టారు తల ఊపారు. తర్వాత చెక్క మీద లాగడం జరిగింది. ఉందని రాసుకున్నారు. అంతా సవ్యంగా జరిగిపోయింది.

అయినా అక్కా, ముద్ర ఉంది కదా అని ఒళ్ళు హూనం చేసుకోకు. పని తగ్గించుకో. ఒప్పుకున్నవన్నీ చెయ్యాలని ఎక్కడుంది? కొన్నాళ్ళు దుకాణం మధ్యాహ్నం దాకా తెరువు చాలు. డాక్టరుకి ఇంకోసారి చూపించుకో, ఈయన నచ్చకపోతే వేరే ఆయన ఉండడా? నేను వచ్చేశాక బరువు పనులన్నీ నేనే చూసుకుంటాను, నువ్వు గల్లాపెట్టె దగ్గర మహారాణిలా కూర్చుందువుగాని. ఇక్కడ వాన మళ్ళీ పట్టుకుంది. తోటమాలికి జలుబు. ఇంకా ఏం రాయాలో చాలా ఉంది గానీ పోస్టు వేళయింది.

తమ్ముడు


దుకాణం
మంచి రోజు

ఒరే నాన్నా,

నీ ఉత్తరం చదివి, తలుపు వేసుకుని, రాయి పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. మీ బావ పోయినప్పుడు జనం చుట్టూ ఉండి సరిగ్గా ఏడవలేదు. అదీ ఇదీ కలిపి ఇప్పుడు అయింది. తర్వాత ముఖం కడుక్కుని సెలూన్ ఆయన్ని పిలిచి గ్లాసుల సంగతి, వేళ్ళ సంగతి అన్నీ చెప్పేశాను. "నేను మీ చెయ్యి చూసి భయపడుతూనే ఉన్నానమ్మా. సంఘమే ఉందన్నాక ఇంకేం?" అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. అనుమానం మనిషిని తినేస్తుందిరా. ఇన్నాళ్ళూ ఒక్కో కత్తికి పూటంతా కూర్చునేదాన్ని, ఉందో లేదో అని. ఇప్పుడు మునుపటిలా చకచకా అవుతోంది. విద్యార్థుల మెస్ కత్తులన్నీ ఒప్పుకున్నాను. దర్జీ ఆవిడ చెల్లెలి కత్తెరలు కూడా వచ్చాయి. పని తగ్గించుకో అని రాశావు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నీ చదువు నువ్వు చూసుకో.

నువ్వొచ్చేసరికి వెనక గది ఖాళీ చేయిస్తాను. రెండు రాళ్ళు పక్కపక్కన వేద్దాం. నా ఎడమచెయ్యి, నీ కుడిచెయ్యి, మోచేతులు కొట్టుకోకుండా ఎటు కూర్చోవాలో కూడా చూసిపెట్టాను.

అక్క


సంఘం వసతిగృహం

అక్కా,

మెస్ పని వద్దని చెప్పెయ్. నా మాట విను. నేను వచ్చాక చేద్దాం.

పట్టినవాటిని వేలితో చూడకు. ఎందుకని అడక్కు, వద్దన్నాను, అంతే.

తమ్ముడు


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
కిటికీ పక్క మంచం

తమ్ముడూ,

కంగారు పడకుండా చదువు. నా కుడిచేతి బొటనవేలు తీసేశారు. రాసేది ఎడమచేత్తో కాబట్టి ఉత్తరాలకి లోటు లేదు.

మెస్ కత్తులు పడుతున్నాను. అలవాటుగా బొటనవేలితో అంచు చూసుకుంటూ ఒకటి తర్వాత ఒకటి పక్కన పెడుతున్నాను. తొట్టిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. పాత కత్తులు కదా, తుప్పు దిగుతోందనుకున్నాను. నీళ్ళు పారబోసి కొత్తవి పోశాను. మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈ మెస్ వాళ్ళు కత్తుల్ని తుడవకుండా పారేస్తారని తిట్టుకున్నాను కూడా. సెలూన్ ఆయన ఏదో పనికి వచ్చి, "అమ్మా, మీ చెయ్యి!" అని కేక పెట్టేదాకా నాకు తెలియలేదు. ఎముక దాకా తెగిందట. గుడ్డ కట్టుకుని, నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. షుగర్ ఒంటికి నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదని వీళ్ళు చెప్పేసరికి వేలు నల్లబడింది.

ఏడుస్తాననుకున్నావా? ఏడవలేదు. పక్క మంచం ఆవిడ ఏడ్చింది నా బదులు. నేను ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి తెగడం నా తొందర వల్ల, కానీ పని చెడలేదు. బల్ల చూసి ఉందని చెప్పింది. బొటనవేలు లేకపోతే మిగతా వేళ్ళతో నొక్కడం నేర్చుకుంటాను. కత్తి పట్టుకోవడానికి చెక్కతో ఒక ఆసరా చేయిస్తానని సెలూన్ ఆయన మాటిచ్చాడు. కట్టు విప్పగానే మొదలుపెడతాను. మెస్ వాళ్ళని ఆగమని కబురు పంపాను.

నీ ముద్ర పరీక్ష దగ్గరపడింది. అది వదిలేసి రావద్దు.

అక్క


సంఘం వసతిగృహం

అక్కా,

మొదలుపెట్టకు. ఆసరా చేయించకు.

నీ కత్తికి పదును లేదు. దొంగ పదును ఉంది. చెవి మేష్టారు కాగితం కోస్తే సర్రున తెగింది. నా చేతికిచ్చారు. గీతలు అవతలి వైపుకి వాలి ఉన్నాయి. చెక్క మీద లాగి వేలు జార్చాను. ముల్లు అంచు పొడుగునా మడతపడి ఉంది. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి వారంలో పట్టినట్టు ఉంది. "ఉందా?" అన్నారు మేష్టారు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. చక్రం బెల్టు విప్పేస్తానని, మంచం ఎందుకు దిగాలో తెలియదని రాశావు. ఉందన్నాను. ఆయన రాసుకున్నారు.

వారాల తరబడి చెబుదామనుకున్నాను. నువ్వు అంత సంతోషంగా రాశావు, చెప్పలేకపోయాను. వేలితో చూడకు అని రాశాను, ఎందుకో రాయలేదు. రాసి ఉంటే నీ వేలు ఉండేది. నన్ను క్షమించమని అడిగే ముఖం లేదు నాకు.

కార్యదర్శికీ చెవి మేష్టారికీ చెప్పేశాను. నన్ను బల్ల నుంచి తీసేశారు, ఈ ఏడు ముద్ర పరీక్షకి కూర్చోనివ్వరు. మేష్టారు లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డారు. నీ ముద్ర గురించి వాళ్ళు నీకు రాస్తారు.

నేను వచ్చేస్తున్నాను. వద్దంటే ఆగుతాను.

తమ్ముడు


దుకాణం
కట్టు విప్పిన రోజు

తమ్ముడూ,

ఉత్తరం అందింది. 

సంఘం వాళ్ళు రాయకముందే గోడ మీది ముద్ర పలకని సెలూన్ ఆయన చేత దింపించి పంపేశాను. బెల్టు కూడా ఆయనే విప్పాడు. నేను చూడలేదు, బయట నిలబడ్డాను.

నీ మీద జాలి పడాలో కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. నువ్వు నా మీద ప్రేమతోనే చేశావు, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ జాలి కావాలంటే నాకు ఈ వీధి నిండా దొరుకుతుందిరా. దర్జీ ఆవిడ చూపిస్తుంది, పక్క మంచం ఆవిడ చూపించింది. నేను నిన్ను అడిగింది జాలి కాదు. విప్పి చెప్పి, చేతులు జోడించినట్టు రాసి మరీ అడిగాను. నువ్వు బల్ల దగ్గర లేదని చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, కొన్నాళ్ళు మంచం దిగేదాన్ని కాదేమో. కానీ ఆఖరి కత్తి దాకా నిజాయితీగా బతికానన్న తృప్తి ఉండేది. ఇప్పుడు అది లేదు. వేలు పోయినందుకు ఏడవలేదని రాశాను కదా. దీనికి ఏడుస్తున్నాను.

ఆ పరీక్ష తర్వాత నేను పట్టినవన్నీ జనం ఇళ్ళల్లో ఉన్నాయి. రోజూ కొన్ని ఇళ్ళకి వెళ్ళి, "నేను పట్టిన కత్తి వాడకండి, వెనక్కివ్వండి" అని అడిగి తెస్తున్నాను. గడప దగ్గర నిలబడి ఆ మాట అనడం ఎలా ఉంటుందో నీకు చెప్పను. ఎవరూ విసుక్కోలేదు, అదే కష్టంగా ఉంది. మెస్ లో కూరలు కోసే అమ్మాయికి అరచెయ్యి తెగిందట. మానిపోయిందిలే అంది. దర్జీ ఆవిడ కత్తెర మాత్రం ఇవ్వనంది. మీరు పట్టిందే ఉండనీయండి అంది. బతిమాలి లాక్కొచ్చాను.

అన్నీ వెనక గదిలో గుడ్డ మీద పరిచి ఉన్నాయి. నువ్వు రా. వచ్చి అన్నిటికీ ముల్లు తీసి, మళ్ళీ పట్టి, చెక్క మీద లాగి చూసి, నువ్వే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి రావాలి. ముద్ర లేకపోయినా నీకు పని వచ్చు, నీ వేలికి తెలుసు. అన్నీ అయ్యేదాకా దుకాణంలోనే పడుకో. నేను ఆ గదిలోకి రాను. రాయి చప్పుడు నాకు వినిపించకుండా తలుపు వేసుకో.

భోజనం వేళకి పిలుస్తాను, వచ్చి తిను. నాతో మాట్లాడకు. ఎప్పుడు మాట్లాడగలనో అప్పుడు నేనే పిలుస్తాను. పిలుస్తానో లేదో ఇప్పుడే మాటివ్వలేను, నీకు అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు.

అక్క